అన్నగారి రాజ్యము, చెల్లెలి శాసనము

2020వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఉత్తర కొరియా రాజధానియగు ప్యాంగ్యాంగు నుండి యొక ప్రకటన వెలువడెను. సర్వోన్నత నాయకుడును, పార్టీయు, రాజ్యమును తనకొసగిన యధికారమును పురస్కరించుకొని, శత్రువ్యవహారములు చూచు శాఖవారికి తరువాతి చర్య జరుపుటకు తాను ఉత్తరువిచ్చితినని ప్రకటనకర్త్రి అందులో తెలిపెను. కేసాంగు పట్టణమున నున్న ఉభయ కొరియాల సంయుక్త కార్యాలయము నేలకూలు దృశ్యమును త్వరలోనే చూడగలరని బెదిరింపును చేసెను. మూడు దినములు గడచినవి. 16వ తేదీ మధ్యాహ్నమున ఆ నాలుగంతస్తుల భవనము మందుగుండుతో పేల్చివేయబడెను. ఈ యుత్తరువు చేసినది రాష్ట్రాధిపతి కాదు, ప్రధానమంత్రి కాదు, సేనాపతియు కాదు. పార్టీ కేంద్రసంఘమున నొక శాఖకు ఉపాధ్యక్షురాలు. పేరు కిం యో జాంగ్. ఆమె దేశమునేలుచున్న కిం జాంగ్ ఉన్‌నకు తోడబుట్టిన చెల్లెలు.

మాది న్యాయవాద వృత్తి. ఎవరేని యొక యుత్తరువును మా చేతికిచ్చినపుడు మేము మొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఏ యధికారమున? మన తాలూకా కచేరీలో తహసీల్దారు ఒక రైతు గట్టు విషయమై నోటీసు జారీచేసినను, ఏ చట్టము, ఏ సెక్షను అని పైన వ్రాయక తప్పదు. వ్రాయనిచో ఆ కాగితము పై కోర్టులో నిలువదు. అట్టిది రెండు రాజ్యముల యొడంబడికచే 2018 సెప్టెంబరులో తెరువబడి, దక్షిణ కొరియా సొమ్ముతో బాగుచేయబడిన భవనమును కూల్చుటకు ఒక శాఖోపాధ్యక్షురాలికి అధికారమెక్కడిది? ఆ దేశపు రాజ్యాంగమును ఆద్యంతము తిరుగవేసినను సమాధానము దొరకదు. సమాధానము ఆమె జనన మరణముల రిజిస్టరులో నున్నది.

ఈమె యెదిగిన తీరును గమనింపుడు. బాల్యమున అన్నతోపాటు స్విట్జర్లండు దేశపు బెర్ను నగరమున చదివినదని లోకమునకు తెలిసినది. 2014 మార్చిలో శాసనసభ యెన్నికల దినమున అన్నవెంట వోటువేయబోయినపుడు తొలిసారిగ ఆమె పేరు ప్రభుత్వ పత్రికలకెక్కెను. ఆ నవంబరునకే ఆమె కేంద్రసంఘపు ఉపశాఖాధికారిణి. ప్రచార శాఖ యామె కొలువు. 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వము మానవహక్కుల భంగమునకు బాధ్యులని ప్రకటించి ఆంక్షలు విధించినవారి జాబితాలో ఆమె పేరు చేరెను. ఆ యక్టోబరున పార్టీ రాజకీయ మండలిలో ప్రత్యామ్నాయ సభ్యత్వము లభించెను. 2019లో అది పోయెను. 2020 ఏప్రిలున మరల వచ్చెను. 2021 జనవరిలో జరిగిన ఎనిమిదవ పార్టీ మహాసభలో మరల పోయెను. ఆ సెప్టెంబరున రాజ్య వ్యవహారముల సంఘమున సభ్యత్వము దొరకెను. ఎక్కుట, దిగుట, మరల ఎక్కుట. అన్ని దేశములలోను ఉద్యోగము పోయినవాని మాటకు విలువ తగ్గును. ఇచ్చట నట్లు జరుగలేదు. 2021 జనవరిలో మండలి నుండి తొలగింపబడిన మహాసభ ముగిసిన దినములలోనే, తగ్గిన హోదాతోనే, ఆమె దక్షిణ కొరియావారిని మూఢులని తిట్టుచు ప్రకటన చేసెను. ప్రభుత్వ వార్తాసంస్థ దానిని తుచ తప్పక ప్రచురించెను, సియోలులోని మంత్రులు అక్షరమక్షరము చదువుకొనిరి. పదవి యున్నను లేకున్నను పలుకు చెల్లుచున్నదనిన, ఆ పదవి యలంకారమని యొప్పుకొనవలెను. మన పెండ్లివారి యిండ్లలో వియ్యపురాలికి ఏ యుద్యోగమున్నది? ఇంటిల్లిపాది ఆమె కనుసన్నల నడచుట మానినదా? ఒక రాజ్యమును పెండ్లివారి యిల్లువలె నడపుచున్నారు. వియ్యపురాలి కోపము రెండునాళ్లలో చల్లారును, ఈమె చేత ఫిరంగులున్నవి. భేదమదే.

కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నింతురు: ఒక స్త్రీ పురుషుల రాజ్యమున ఇంత పైకి వచ్చుట మెచ్చదగినది కాదా యని. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ శీతకాల ఒలింపిక్ క్రీడలకు ఆమె దక్షిణమునకు వచ్చినపుడు ప్రపంచ పత్రికలు వ్రాసిన వ్రాతలు మాకు జ్ఞాపకమున్నవి. యుద్ధానంతరము కిం కుటుంబమువారు దక్షిణ భూమిపై అడుగిడుట అదియే ప్రథమము, నిజమే. ఆ రాయబారమునకు నాయకుడు పేరునకు వయోవృద్ధుడగు కిం యాంగ్ నామ్. నాడు విదేశములకు రాజ్యాధిపతిగ చెల్లుచుండినవాడు ఆయనయే. అయినను అన్న వ్రాసిన లేఖను అధ్యక్షుడు మూన్ జే ఇన్ చేతికిచ్చినది ఈ యువతి. ఆమె చిరునవ్వును, సాదాదుస్తులను, నిటారుగ కూర్చున్న ఠీవిని వర్ణించుటకు విలేఖరులు కాగితములు ఖర్చుపెట్టిరి. చెరసాలల ప్రసక్తి వచ్చుసరికి వారి సిరా యెండిపోయెను.

ఆమెను రావణుని చెల్లెలితో పోల్చి నవ్వుకొను వెకిలితనము మాకు గిట్టదు. ఆమె స్త్రీయగుట ఆమెకు దోషము కాదు. అట్లే అది యామెకు సుగుణపత్రమును కాజాలదు. స్త్రీజాతి యభ్యుదయమని చెప్పదలచిన, ఉత్తర కొరియాలో ఆమెతో పుట్టిన ఆడుబిడ్డలలో ఎందరు మండలిలో కూర్చుండిరో లెక్కించి చెప్పవలెను. 2022లో చో సన్ హుయి యను నామె విదేశాంగమంత్రిణి యయ్యెను. అట్టివారు వ్రేళ్లమీద లెక్కకు వత్తురు. 2019 ఫిబ్రవరిలో హనోయి సమావేశమునకు పోవుచు కిం జాంగ్ ఉన్ రైలు చీనాలోని నానింగ్ స్టేషనులో ఆగెను. ఆయన ప్లాటుఫారముపై సిగరెట్టు కాల్చుచుండగ, ఈ చెల్లెలు గాజు బూడిదగిన్నెను రెండుచేతుల పట్టుకొని దాపున నిలుచుండెను. జపాను దూరదర్శనమువారు ఆ దృశ్యమును చిత్రించిరి. స్త్రీజనోద్ధరణ యని పొగడువారు ఆ బూడిదగిన్నెను ఏ యధ్యాయమున చేర్తురో మాకు తెలియదు.

ఇక ఆ వంశమున తోడబుట్టినవారి గతి మూడు తరములుగ నెట్లున్నదో చూడవలసియున్నది. మొదటి నాయకుడు కిం ఇల్ సుంగ్‌నకు కిం యాంగ్ జు యను తమ్ముడుండెను. పార్టీలో ఉద్యోగ నియామకములను, నిఘాను చేతబట్టిన సంఘటనా శాఖ ఆయన స్వాధీనమున నుండెడిది. 1972 జూలై 4వ తేదీన ఉభయ కొరియాలు ప్రకటించిన ప్రథమ ఉమ్మడి ప్రకటనపై ఉత్తరము పక్షమున సంతకము చేసినది ఆయనయే. అన్న తరువాత తమ్ముడే యని అందరు తలచుచుండిరి. అంతలో అన్నకొడుకు ఎదిగివచ్చెను. 1970వ దశకము నడుమనుండి ఆ తమ్ముడు కానరాకుండ పోయెను. 1993లో, కిం జాంగ్ ఇల్ పట్టు బిగిసిపోయిన పిమ్మట, ఆయనను బయటకు తెచ్చి ఉపాధ్యక్షుడను పేరుపెట్టిరి. దాదాపు ఇరువదియేండ్లు ఆయన యేమి నేరము చేసెనో, ఏ విచారణ జరిగెనో, ఏ కోర్టు రికార్డులోను లేదు. 2021 డిసెంబరులో చనిపోయెను.

రెండవ తరమున కిం జాంగ్ ఇల్ సవతితమ్ముడగు కిం ప్యాంగ్ ఇల్. ఈయనను 1988లో హంగరీకి రాయబారిగ పంపిరి. అచ్చటినుండి బల్గేరియా, ఫిన్లండు, పోలండు, చెక్ దేశము. 2019లో తిరిగివచ్చుసరికి ముప్పదియేండ్లు నిండినవి. రాయబారమని పేరు, దేశబహిష్కారమని అర్థము. అదే తరమున సొంత చెల్లెలు కిం క్యాంగ్ హుయి మాత్రము అన్నకు కుడిభుజమై యుండెను. 2010 సెప్టెంబరులో మేనల్లుడు కిం జాంగ్ ఉన్‌నకు సేనాని బిరుదమిచ్చిన దినముననే ఆమెకును సేనాని బిరుదమిచ్చిరి. ఆమె సైన్యమున ఒక్కనాడైన పనిచేసినది కాదు. ఆమె భర్త జాంగ్ సాంగ్ థేక్. అన్నగారు పోయిన పిదప మేనల్లునికి పెద్దదిక్కుగ నిలిచిన యీ మామను 2013 డిసెంబరు 8వ తేదీన నిండు సభలో పట్టుకొనిపోయిరి. 12వ తేదీన సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను, వెంటనే యమలు జరిపెను. అభియోగము, సాక్ష్యము, వాదము, తీర్పు, శిక్ష యన్నియు నాలుగు దినములలో! మా మునసబు కోర్టులో అప్పుపత్రము దావాకు సమనులు చేరుటకే అంతకు పదిరెట్లు కాలము పట్టును. అది మాకు గర్వకారణము కాదు. అయినను మనిషి తలకు సంబంధించిన వ్యవహారమున ఆలస్యము కొంత మేలే. భార్య ఆరేండ్లు లోకమునకు కనబడలేదు.

మూడవ తరమున సవతియన్న కిం జాంగ్ నామ్. 2017 ఫిబ్రవరి 13వ తేదీన మలేషియాలోని కౌలాలంపూరు విమానాశ్రయమున, పట్టపగలు, జనసమ్మర్దము నడుమ, వీయెక్స్ అను నిషిద్ధ విషమును మొగమునకు పూయించి చంపించిరి. సొంతయన్న కిం జాంగ్ చోల్ రాజకీయములకు దూరముగ నుండి పాటకచేరీలకు పోవుచు బ్రతికి బట్టకట్టెను. 2015లో లండనులో ఎరిక్ క్లాప్టన్ సంగీతసభలో కనబడెను. ఆ యింట పుట్టినవానికి సంగీతాభిలాష ఆయుర్వృద్ధికరమని తోచుచున్నది. మిగిలినది చెల్లెలు. అదే తండ్రికి పుట్టినవారిలో ఒకడు విషమున చచ్చెను, ఒకడు వీణను వినుచుండెను, ఒకతె భవనములను పేల్చించుచున్నది. ఈ భేదమునకు హేతువు యోగ్యత యని యెవరు చెప్పగలరు? రాజుకు భయము కలిగించినవాడు పోయినాడు, కలిగింపనివారు మిగిలినారు. లంకలో విభీషణుడు నిజము చెప్పెను, తన్ని వెళ్లగొట్టిరి. చెప్పనివారు సభలో మిగిలిరి. ఎంతకాలము మిగిలిరో మన పసిపిల్లలకును తెలియును.

ఈ చెల్లెలి వలన అన్నకు కలుగు ప్రయోజనమేమో 2020 జూను వ్యవహారమును వరుసగ చూచిన బోధపడును. 4వ తేదీన ఆమె, సరిహద్దు దాటించి బుడగలతో కరపత్రములు పంపుచున్న కాందిశీకులను కుక్కలని తిట్టి, వారి నాపకున్న పరిణామములకు సిద్ధపడుడని దక్షిణమును బెదిరించెను. కొన్ని గంటలలో సియోలు ప్రభుత్వము అట్టి చట్టము చేయుదుమనెను. 16వ తేదీన భవనము పేలెను. సైన్యము మరల సరిహద్దున మోహరించునని ప్రకటనలు వచ్చినవి. లోకము గుండెలు చిక్కబట్టుకొని యుండగ, 24వ తేదీన అన్నగారు సైనిక చర్యలను నిలిపివేసిరని వార్త వచ్చెను. ఆహా, ఎంత దయ! ఇల్లు తగులబెట్టినది చెల్లెలు, వీధికి నిప్పంటకుండ ఆపిన పుణ్యము అన్నది. తిట్టు ఆమెది, క్షమ ఆయనది. రేపు సంధి కావలసివచ్చిన ఆయన నోట ఒక్క దుర్భాషయు లేదు గనుక చేయి చాచవచ్చును. నాయకుని పరువు చెడకుండ పొరుగువాని ధైర్యమును పరీక్షించుటకు ఇంతకన్న చవుకయైన యుపాయము లేదు. అన్యుడెవ్వనికైన ఈ యధికారమిచ్చిన, వాడు రేపు దానిని తనకే యుంచుకొనునను భయము. చెల్లెలికి అన్న లేక నిలువనీడ లేదు. ఆ నమ్మకమే ఆమె మూలధనము.

ఈ యుపాయము ఫలించినదా? ఫలించెను. 2020 డిసెంబరులో సియోలు శాసనసభ కరపత్రములను నిషేధించు శాసనమును నెగ్గించెను. సరిహద్దు గ్రామములవారి ప్రాణభయము మాకు తెలియకపోలేదు; వారి పక్షమున చెప్పదగిన మాటలున్నవి. కాని స్వతంత్ర ప్రజల శాసనసభ పొరుగు నియంత చెల్లెలు కసరిన ఆరు నెలలకు తన పౌరుల నోటికి చెరసాల శిక్షతో తాళము వేయుట మాకు మింగుడుపడలేదు. ఆ దేశమున కోర్టులున్నవి గనుక బ్రతికిపోయిరి. 2023 సెప్టెంబరు 26వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానమున తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఏడుగురు ఆ శాసనము భావప్రకటన స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేసిరి. అదే సంవత్సరము జూనులో సియోలు ప్రభుత్వము కేసాంగు భవనమునకును, ప్రక్కనున్న కట్టడమునకును కలిగిన నష్టమునకై 4,470 కోట్ల వోన్ల పరిహారము కోరి ఉత్తర కొరియాపై దావా వేసెను. ప్రతివాది కోర్టుకు రాడు. డిక్రీ వచ్చినను జప్తుకు ఆస్తి చిక్కదు. దావా వేసినందుకు నవ్వినవారు కలరు. మేము నవ్వము. ఒకదానిని నేరమని కాగితముపై కెక్కించుటయు న్యాయమునకొక మెట్టు.

అన్నిటికన్న మాకు మనస్తాపము కలిగించునది వేరొకటి కలదు. ఐక్యరాజ్యసమితి నియమించిన విచారణ సంఘము ఆస్ట్రేలియా న్యాయమూర్తి మైకేల్ కర్బీ యధ్యక్షతన 2014 ఫిబ్రవరిలో తన నివేదికను ప్రకటించెను. ఎనుబదిమందికి పైగ సాక్షులు బహిరంగముగ వాఙ్మూలమిచ్చిరి. ఉత్తర కొరియా రాజకీయ ఖైదుశిబిరములలో 80,000 మొదలు 1,20,000 వరకు జనులు మ్రగ్గుచున్నారని ఆ సంఘము అంచనా వేసెను, అచ్చట జరుగునవి మానవజాతిపై నేరములని నిర్ణయించెను. ఆ ఖైదీలలో నేరము చేసినవారే కాదు, చేసినారని చెప్పబడినవారి తల్లిదండ్రులు, భార్యలు, బిడ్డలు, మనుమలును కలరు. తాత చేసిన తప్పునకు మనుమడు కంచెలోపల పుట్టి కంచెలోపల పెరుగుచున్నాడు. ప్రజలనందరిని పూర్వుల నడవడినిబట్టి నమ్మదగినవారు, ఊగిసలాడువారు, శత్రువులు అని వింగడించి, చదువు, కొలువు, నివాసము, తిండి ఆ లెక్కను పంచుటయు అచ్చటి యాచారము.

రక్తము నేరమైన దేశమున రక్తమే హక్కు. సామాన్యునికి మూడు తరముల శిక్ష, పాలకునికి మూడు తరముల సింహాసనము. ఒకే సూత్రమునకు ఇవి రెండు కొనలు. పార్టీవారు ప్రతివాడును కంఠస్థము చేయవలసిన పది సూత్రములున్నవి. 2013లో వానిని సవరించి, పార్టీని విప్లవమును పేక్తు పర్వతపు రక్తవంశముతో శాశ్వతముగ నడిపింపవలెనని అందులో చేర్చిరి. ప్రజాస్వామిక ప్రజా గణతంత్రమను పేరు పెట్టుకొని, పౌరులందరకు సమాన హక్కులు కలవని రాజ్యాంగమున వ్రాసికొని, రక్తవంశమని యీ సిగ్గుమాలిన మాట! మా జమీందారులు తాము రాజులమని చెప్పుకొనిరేగాని కూలివాని ప్రతినిధులమని చెప్పుకొనలేదు. కిం యో జాంగ్ చేయు ప్రతి ప్రకటనయు ఆ రెండవ కొనను, అనగా కంచెలోపలి మనుమని, మాకు జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఆమెకు సేనాని బెత్తము చేతికందించిన పుట్టుకయే వానికి సంకెల వేసినది.

మన దేశమునను తండ్రి కుర్చీ కొడుకునకు, అన్న పార్టీ చెల్లెలికి సంక్రమించుట లేదా యని గడుసువారు అడుగవచ్చును. తెలుగు జిల్లాలలోనే ఉదాహరణములు వెదుకనక్కరలేదు. అవి మన గుమ్మములయెదుటనే గోడపత్రికలై వ్రేలాడుచున్నవి. అది మాకును రోతయే. కాని ఇచ్చట ఐదేండ్లకొకసారి ఆ కుర్చీని వోటరు తలక్రిందులు చేయుట మనము కన్నులార చూచితిమి. అట్టి వీలులేని చోట ఆ రోత ఏమగునో చెప్పుటకే యీ వ్యాసము.

కొరియాతో మనకు సంబంధము లేకపోలేదు. 1919 మార్చి 1వ తేదీన జపాను దాస్యమును ధిక్కరించి ఆ ప్రజలు నిరాయుధులై వీధుల కెక్కిరి, తుపాకిగుండ్లకు ఎదురొడ్డిరి. ఆ వసంతముననే అమృతసరమున జలియనువాలాబాగులో మనవారి రక్తము పారినది. 1948లో కొరియాకు ఐక్యరాజ్యసమితి పంపిన తాత్కాలిక సంఘమునకు మన కె.పి.యస్. మేనోనుగారు అధ్యక్షులు, వారిని ఉత్తరభాగమున అడుగిడనీయరైరి. 1953లో స్వదేశమునకు పోనొల్లని ఖైదీల సంరక్షణకు తిమ్మయ్యగారి నాయకత్వమున మన సైనికులు పోయి, ఉభయులచేత తిట్లుతిని, తమ ధర్మము నెరవేర్చి వచ్చిరి. పరజాతి నుకముక్రింద నుండి విడివడిన ప్రజలు ఒక యింటివారి నుకమును మెడకెత్తుకొనవలసివచ్చుట చూచి మనము మిన్నకుండజాలము. దాదాపు రెండుకోట్ల యరువదిలక్షల జనులలో ఆ యింటివారు దప్ప మాటాడగలవారే లేరా?

మేము కోరునది పెద్దకోరిక కాదు. ప్యాంగ్యాంగు నుండి ఈమె పేర వచ్చు ప్రతి తిట్టును రాజ్యలేఖగ స్వీకరించి, దానికి తగ్గట్టు శాసనములు మార్చుకొనుట మానవలెను. రాజ్యము మాట రాజ్యముగ సంతకము చేసి చెప్పుమనవలెను, చెప్పినదానికి అన్నగారినే బాధ్యుని చేయవలెను. ఆమె చిరునవ్వు నవ్వినపుడు సంధి వచ్చినదనియు, కోపించినపుడు యుద్ధము వచ్చినదనియు గంతులువేయు పత్రికలకు సైతము మా మనవి యిదే. 2020 ఏప్రిలులో అన్న ఇరువది దినములు కానరాకపోగానే ఈమెయే రాబోవు రాణి యని వ్రాసిరి. మే 1వ తేదీన ఆయన నవ్వుచు బయటకు వచ్చెను, ఆ వ్రాతలన్నియు చెత్తబుట్టకు పోయెను. 2025 జూలైలో క్రొత్త యధ్యక్షుడు లీ జే మ్యుంగ్ సరిహద్దున లౌడుస్పీకరులు నిలిపి స్నేహహస్తము చాచగా, సియోలుతో కూర్చుండి మాటాడవలసిన యవసరమే లేదని త్రోసివేసినదియు ఈమెయే. అందుకై ఎవరికి జవాబు చెప్పవలెను? ఆమెను ఎన్నుకొన్నవారు లేరు, తొలగింపగలవాడు ఒక్కడు.

ఆ యొక్కడు 2022 నవంబరులో ఒక క్షిపణి ప్రయోగమునకు తన కూతురిని చేయిపట్టుకొని తెచ్చి లోకమునకు చూపెను. నాటినుండి కూతురు తండ్రి ప్రక్కన నిలుచుచున్నది. ఇంతకు ముందు 2020 జనవరిలో, చాంద్రమాన సంవత్సరాది సంగీతసభకు, ఆరేండ్లుగ మాయమైన మేనత్త కిం క్యాంగ్ హుయిని తీసికొనివచ్చిరి. భర్తను చంపించిన మేనల్లుని వరుసలోనే ఆమెను కూర్చుండబెట్టిరి. ఆమె ప్రక్క కుర్చీ కిం యో జాంగ్‌నకు వేసిరి.